పుంత దారికి జీపును ఎంత లేపాలి?

సార్వా కోతలకు ముందు తుఫాను పట్టిందంటే కోనసీమ పుంతలు వారం రోజులు మనుషుల మాట వినవు. ట్రాక్టర్లు తిరిగి తిరిగి దారిలో మోకాలి లోతున రెండు చాళ్లు పడతాయి. చాళ్ల నడుమ మన్ను మిట్టలా మిగిలిపోతుంది. అలాంటి పుంతలో నాలుగంగుళాలు లేపిన జీపు ఇరుక్కుంటే చూడ్డానికి వింతగా ఉంటుంది. బంపరు నడుమెత్తున ఉంటుంది, ఛాసిస్ కిందనుంచి చిన్నపిల్లాడు పాకి అవతలికి పోగలడు, బండి మాత్రం అంగుళం కదలదు. వంగి చూస్తే సంగతి తెలుస్తుంది. వెనక చక్రాలు రెంటినీ కలిపి ఉంచే ఇనప దూలాన్ని హౌసింగ్ అంటారు. దాని మధ్యలో క్రౌన్ గేరు ఉండే బొడిపె, అంటే డిఫరెన్షియల్, ఆ మిట్ట మీద కూర్చుని ఉంటుంది. చక్రాలు నాలుగూ చాళ్లలో బురద చిమ్ముతూ ఉత్తినే తిరుగుతుంటాయి.

లేపిన నాలుగంగుళాలూ స్ప్రింగు దగ్గర లేచాయి. హౌసింగ్ ఉన్నది స్ప్రింగు కింద. బండి లేచింది గానీ నేలకు తగిలే భాగం ఎక్కడుందో అక్కడే ఉంది.

లిఫ్ట్ కిట్, అంటే బండిని ఎత్తు లేపే స్ప్రింగులు, షాకప్‌ల సెట్టు, కొనేవాళ్లలో చాలామంది పట్టించుకోని విషయం ఇదే. డెల్టాలో బండి వాడేవాళ్లు ముందుగా పట్టించుకోవాల్సిందీ ఇదే. రాళ్ల దారుల్లో, ఎడారుల్లో పుట్టిన సరుకు ఇది. కేటలాగుల్లో బొమ్మలన్నీ అమెరికా యూటా బండలవో, ఆస్ట్రేలియా ఎర్రనేలలవో అయ్యుంటాయి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలి, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోయి పరుచుకున్న నేలలో రాయి అన్నది రోడ్డు పని కోసం లారీలో రావాల్సిందే. ఇక్కడ బండికి ఎదురయ్యేవి బంకమన్ను, లంకల ఇసుక, చెరువు గట్లు, ఏటిగట్టు ఎక్కిదిగే ర్యాంపులు. వీటిలో స్ప్రింగు దగ్గర లేపడం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు, ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుంది అన్నవి మూడూ వేర్వేరు లెక్కలు.

టైరు లేపేది, స్ప్రింగు లేపేది

నేల నుంచి హౌసింగ్ ఎత్తును నిర్ణయించేది టైరు ఒక్కటే. మారుతి జిమ్నీ, జిప్సీ, పాత మహీంద్రా జీపులకు ముందూ వెనకా ఇలాంటి దూలాలే. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కి ముందు చక్రాలు విడివిడిగా కదిలే డబుల్ విష్‌బోన్ ఏర్పాటు ఉంది, వెనక మాత్రం దూలమే. కాబట్టి థార్‌ని లేపితే ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌తోపాటు పైకి వెళ్తుంది, వెనకది అక్కడే ఉంటుంది. చాళ్ల నడుమ మిట్టకు తగిలేది ఎటూ వెనకదే.

ఇప్పుడు టైరు లెక్క. జిమ్నీకి కంపెనీ ఇచ్చే టైరు 195/80 ఆర్15. దాని వ్యాసం 693 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే వ్యాసం సుమారు 733 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. వ్యాసం పెరిగింది 40 అయినా ఇరుసు లేచేది అందులో సగం, అంటే 20 మిల్లీమీటర్లు. బొటనవేలి వెడల్పు. చూడ్డానికి ఏమీ కాదు గానీ, పుంతలో మిట్టకు రాసుకుంటూ పోయే బండికీ మిట్ట మీద కూర్చుండిపోయే బండికీ మధ్య తేడా చాలాసార్లు ఆ బొటనవేలే.

మరి ఆ పెద్ద టైరు అలాగే ఎక్కిస్తే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు బంపరు మూలకో లోపలి లైనింగుకో రాసుకుంటుంది. గుంటలో చక్రం పైకి లేచినప్పుడు మడ్‌గార్డుకు తగులుతుంది. ఆ జాగా ఇవ్వడానికే లిఫ్టు కావాలి. డెల్టాలో లిఫ్ట్ కిట్‌కి సరైన స్థానం అదే. ముందు ఏ టైరు కావాలో తేల్చుకోవాలి, ఆ టైరు పట్టడానికి ఎంత ఎత్తు అవసరమో అంతే లేపాలి. అంగుళాలు ముందు అనుకుని తర్వాత టైరు వెతకడం అంటే చెప్పులు కొనుక్కుని వాటికి సరిపోయే కాళ్లు వెతుక్కోవడమే.

టైరు వెడల్పు మీద వాదనలు ఎక్కువ. బురదకు వెడల్పు టైరే మంచిదని ఒక నమ్మకం ఉంది. దమ్ము చేసే ట్రాక్టరును చూసినా అది సగమే నిజమని అర్థమవుతుంది. పొలం బురద కింద గట్టి పొర ఉంటుంది. ఎత్తయిన చక్రం బురదను కోసుకుంటూ దిగి ఆ పొర మీద పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఏళ్ల తరబడి బళ్లు నడిచిన పుంతకూ అలాంటి అడుగే ఉంటుంది, పైన జానెడు బురద అంతే. అక్కడ మరీ వెడల్పు లేని, ఎత్తయిన, గళ్లు లోతైన టైరు బాగా పనిచేస్తుంది. కొత్తగా తవ్విన చెరువు అడుగులోగానీ, ఏటి ఒడ్డున ఊబి లాంటి ఒండ్రులోగానీ గట్టి పొర అందదు. అంతర్వేది, ఓడలరేవు వైపు తీరం ఇసుక కూడా అంతే. అక్కడ తేలాలి. వెడల్పు టైరుకు గాలి దించి 18 పీఎస్‌ఐ దాకా తేవాలి. 15 కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం మొదలవుతుంది. గాలి దించడం పైసా ఖర్చులేని పని. తిరిగి తారురోడ్డు ఎక్కగానే గాలి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఒకటి బండిలో ఉండాలి. ఈ రెండూ చేయకుండా లిఫ్టు మీద డబ్బు పోయడం తలకిందుల పని.

లిఫ్టు నిజంగా పనికొచ్చే చోటు

అలాగని స్ప్రింగు లిఫ్టు శుద్ధ దండగ అనలేం. ఏటిగట్టు మీద నుంచి లంకలోకి దిగే ర్యాంపు దగ్గర దాని విలువ తెలుస్తుంది. గట్టు అటూ ఇటూ వాలి, నెత్తి మాత్రం సన్నగా ఉంటుంది. ముందు చక్రాలు అవతలికి దిగి వెనక చక్రాలు ఇవతలే ఉన్న క్షణంలో బండి కడుపు నెత్తికి తగులుతుంది. ఈ తగలడాన్ని లెక్కించేదే ర్యాంప్ ఓవర్ కోణం. థార్‌కి అది 27 డిగ్రీలు, అయిదు తలుపుల జిమ్నీకి 24. జిమ్నీ ఇరుసుల మధ్య దూరం 2,590 మిల్లీమీటర్లు, థార్‌ది 2,450. బండి చిన్నదిగా కనిపించినా కడుపు పొడుగు కాబట్టి జిమ్నీ ముందే రాసుకుంటుంది. రెండంగుళాలు లేపితే ఈ కోణం నాలుగు నుంచి అయిదు డిగ్రీలు పెరుగుతుంది. రోజూ లంకకు వెళ్లి అరటి, కూరగాయలు తెచ్చే బండికి అది నిజమైన లాభమే. కాలువ గట్టు నుంచి చేలోకి నిలువుగా దిగేచోట బంపరు నేలను పొడవకుండా కాపాడే ముందు కోణం కూడా అలాగే పెరుగుతుంది.

అయితే ఈ లాభాలన్నీ దాదాపు రెండంగుళాల లోపే వసూలైపోతాయి. మూడో అంగుళం నుంచి పెరిగేది ఎక్కువగా చూపరుల మెప్పు.

గట్టు మీద బరువు

డెల్టాలో ఎత్తు అంటే ఎందుకు భయపడాలో చెరువు గట్టు చెబుతుంది. రొయ్యల చెరువు గట్టు మీద చాలాచోట్ల ఒక్క బండికే దారి. థార్ వెడల్పు 1,820 మిల్లీమీటర్లు, జిమ్నీ 1,645. అటూ ఇటూ మిగిలేది జానా బెత్తెడే. వాన పడ్డాక అంచు మన్ను లోపల నానిపోయి పైకి మాత్రం గట్టిగా కనిపిస్తుంది. ఒక పక్క చక్రం దిగిందంటే బండి ఆ పక్కకు వాలుతుంది. ఎంత వాలు దాకా తట్టుకుంటుందన్నది బరువు కేంద్రం ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

లెక్క సులువే. ఎడమ కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని బరువు కేంద్రం ఎత్తుతో భాగించాలి. దూరం 1,500 మిల్లీమీటర్లు, ఎత్తు 700 అనుకుంటే 1.07 వస్తుంది. అంటే కాగితం మీద 47 డిగ్రీల వాలు దాకా బండి పల్టీ కొట్టదు. నాలుగంగుళాలు లేపితే ఇరుసులు, చక్రాల బరువు కిందే ఉంటుంది కాబట్టి కేంద్రం 80 మిల్లీమీటర్ల దాకా పెరిగిందనుకుందాం. విలువ 0.96కి, వాలు 44 డిగ్రీలకు పడిపోతుంది. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. కాగితం మీద బండి కొయ్యముక్క. నిజం బండిలో వాలిన పక్క స్ప్రింగు నొక్కుకుంటుంది, టైరు అణుగుతుంది, అదే పక్క మన్ను ఇంకా దిగుతుంది, పైన క్యారియర్ మీద సామానుంటే అదీ ఆ పక్కకే లాగుతుంది. కాగితం మీది అంకె చేరకముందే బండి చెరువులో ఉంటుంది. కాలువ గట్టు మీదైతే ఇంకా ఘోరం. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో తప్ప కింద ఉండేది పారే నీరు.

ఎత్తు పెంచి, ఆ నష్టాన్ని పూడ్చడానికి చక్రాలకు స్పేసర్లు వేసి బయటికి జరిపేవాళ్లున్నారు. బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, టైరు మడ్‌గార్డు దాటి బయటికొచ్చి బురదంతా అద్దాల మీదికి చిమ్ముతుంది. ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పడం అంటే ఇదే.

ముందు కాటా, తర్వాత కిట్టు

కిట్టు ఎంచుకోవడంలో అంగుళాల కన్నా ముఖ్యమైనది స్ప్రింగు గట్టిదనం. అది బండి మోసే బరువును బట్టి ఉండాలి. ఓల్డ్ మ్యాన్ ఎము, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా తయారీలు ఒకే బండికి ఒకే ఎత్తులో రెండు మూడు రకాల స్ప్రింగులు ఇవ్వడం వెనక కారణం ఇదే. ఖాళీ బండికి ఒకటి, ఎప్పుడూ కొంత బరువుండేదానికి ఒకటి, నిండా మోసేదానికి ఇంకొకటి. షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్ని అంగుళాలు?’ కాదు, ‘ఎన్ని కిలోలకి?’

చెరువులకు మేత తోలే బండినే తీసుకుందాం. 25 కిలోల బస్తాలు 12 వేస్తే 300 కిలోలు, అదీ వెనకే. వెనక స్ప్రింగులు రెండూ కలిపి మిల్లీమీటరు అణగడానికి ఆరు కిలోలు తీసుకుంటాయనుకుంటే 300 కిలోలకు బండి వెనక 50 మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే రెండంగుళాల లిఫ్టు మేత బస్తాల కింద మాయమైంది. ముందు భాగం లేచి, హెడ్‌లైట్లు కొబ్బరి చెట్ల మొవ్వులు చూస్తుంటాయి. దీనికి మందు ఇంకో రెండంగుళాలు లేపడం కాదు, అదే ఎత్తులో గట్టి స్ప్రింగు వేయడం.

దీనికి ఉల్టా కూడా అంతే చేటు. నిండా మోసే బండి కోసం చేసిన స్ప్రింగును ఆదివారం పూట మారేడుమిల్లి ఘాటెక్కే ఖాళీ బండికి వేస్తే ప్రతి గుంటకూ చక్రం ఎగిరి నేల వదిలేస్తుంది. నేల వదిలిన చక్రానికి బ్రేకూ ఉండదు, పట్టూ ఉండదు. నడుం నొప్పి అదనం.

కాబట్టి కిట్టుకు ముందు చేయాల్సిన పని రైసుమిల్లు కాటా దగ్గరికి వెళ్లడం. మామూలుగా వేసుకునే సామాను వేసి, ట్యాంకు నింపి, ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒకసారి, వెనకవి మాత్రం పెట్టి ఇంకోసారి తూకం వేయించాలి. ఆ రెండు అంకెలు చేతిలో ఉంటే షాపువాడు నోటికొచ్చింది చెప్పలేడు. ముందు ఇనప బంపరు, ఇరుక్కున్న బండిని తాడుతో లాగే వించి బిగించాలన్న ఆలోచన ఉంటే అవి ముందే బిగించి తూకం వేయాలి. అవి ముందు ఇరుసు మీద కొత్తగా పడే బరువు.

వారంలో ఆరు రోజులు ఖాళీగా తిరిగి ఒక్కరోజు బరువు మోసే బండి సంగతి చిక్కే. దానికి మధ్యరకం స్ప్రింగు వేసి, కాయిల్ లోపల గాలి సంచులు పెట్టుకుని బరువున్న రోజు గాలి కొట్టుకోవడం ఒక మార్గం. గాలి సంచికి ముల్లు, గులకరాయి తగలకుండా చూసుకోవాలి.

కమాన్ పట్టీల బళ్లు

జిప్సీలు, పాత జీపులు, పికప్‌లు వాడేవాళ్లకు కాయిల్ స్ప్రింగుల గొడవ లేదు, కమాన్ పట్టీల గొడవ ఉంది. ఇక్కడ తక్కువలో తేల్చే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. కట్ట విప్పి, పాత పట్టీలకే మళ్లీ వంపు కొట్టించడం. పట్టీని కాల్చి వంచి, తిరిగి సరిగ్గా పదును పెట్టకపోతే కొన్ని నెలల్లో అది మళ్లీ చదునైపోతుంది, లేదా ఒకరోజు ఠప్పున విరుగుతుంది. పని తెలిసిన చేతిలో మాత్రం ఇది చెడ్డది కాదు.

అదనంగా ఒక పట్టీ చేర్చితే ఎత్తుతోపాటు గట్టిదనమూ పెరుగుతుంది. బరువు మోసే పికప్‌కి బాగుంటుంది, ఖాళీ జిప్సీకి బాగుండదు. కట్ట చివరను ఛాసిస్‌కి కలిపే షాకిల్‌ను పొడుగుది వేయడం ఇంకో దారి. రెండంగుళాల పొడుగు షాకిల్ ఇచ్చే లిఫ్టు ఒక అంగుళమే. వెనక కట్టకీ హౌసింగ్‌కీ మధ్య ఇనప దిమ్మె పెట్టడం కంపెనీ బళ్లలోనూ కనిపిస్తుంది. దాన్ని ముందు ఇరుసుకు పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా వినకూడదు. బ్రేకు తొక్కినప్పుడు, స్టీరింగు తిప్పినప్పుడు వచ్చే మెలి అంతా ఆ దిమ్మె మీదే పడుతుంది.

2020కి ముందు వచ్చిన డీజిల్ థార్ సీఆర్‌డీఈకి ముందు స్ప్రింగులకు బదులు మెలిపడి బరువు మోసే ఇనప కడ్డీలు, అంటే టార్షన్ బార్లుంటాయి. బోల్టు నాలుగు చుట్లు బిగిస్తే బండి ముందు భాగం లేస్తుంది, ఖర్చు లేదు. అందుకే అందరూ చేస్తారు. చక్రం పైకి కదిలే జాగా పెరిగి కిందికి కదిలే జాగా తరుగుతుంది. గుంట వచ్చినప్పుడు చక్రం దిగలేక వేలాడుతుంది, ప్రతి కుదుపూ గట్టిగా కొడుతుంది. అంగుళం దాకా సర్దుకోవచ్చు, అంతకు మించితే బాల్ జాయింట్లకు చేటు.

కాయిల్ బళ్లకు వేసే స్పేసర్లు కూడా ఇదే కోవలోవి. స్ప్రింగు మీదో కిందో దిమ్మె పెడితే బండి లేస్తుంది, స్ప్రింగు గుణం మారదు, పాత షాకప్ పొడుగు చాలక చక్రం కిందికి దిగడం తగ్గిపోతుంది. టైరు పట్టించడానికి అంగుళం కావాలంటే సరే. బాడీ లిఫ్టు అని ఇంకోటుంది. ఛాసిస్ మీద బాడీని మాత్రమే లేపేది. టైరుకు జాగా తప్ప కడుపు ఎత్తు దానితో రాదు.

పెట్టెలో లేనివి

లిఫ్ట్ కిట్ పెట్టెలో నాలుగు స్ప్రింగులు, నాలుగు షాకప్‌లు ఉంటాయి. చాలాసార్లు అంతే. మిగతా ఖర్చు బండి రోడ్డెక్కాక బయటపడుతుంది.

జిమ్నీ ఉదాహరణ చాలు. ముందు హౌసింగ్‌ని పట్టుకునే చేతులు ఛాసిస్‌కి బిగించి ఉంటాయి. ఛాసిస్ లేస్తే ఆ చేతులు కిందికి వాలి హౌసింగ్ కొద్దిగా ముందుకు తిరుగుతుంది. దాంతో క్యాస్టర్ కోణం అంగుళానికి సుమారు డిగ్రీ చొప్పున తగ్గుతుంది. క్యాస్టర్ అంటే సైకిల్ ముందు ఫోర్కు వాలు లాంటిది. అది ఉంటేనే హ్యాండిల్ దానంతట అది తిన్నగా వస్తుంది. అది తరిగిన బండి జాతీయ రహదారి 216 మీద 80 వేగంలో తేలిపోతుంటుంది, మలుపు తిరిగాక స్టీరింగు వెనక్కి రాదు, ఒక్కోసారి చక్రాలు గడగడా వణకడం మొదలుపెడతాయి. రెండంగుళాల లిఫ్టు వేసినప్పుడు క్యాస్టర్ సరిచేసే బుష్‌లు కూడా వేయించుకోవాల్సిందే. హౌసింగ్ పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్డూ అంతే. బండి లేచేకొద్దీ అది హౌసింగ్‌ని ఒక పక్కకు లాగుతుంది. వెనక నుంచి చూస్తే ఒకవైపు టైరు ఎక్కువ బయటికి కనిపిస్తుంది. పొడవు సర్దుకునే రాడ్డు వేస్తే సరి.

థార్‌లో బాధ వేరు. ముందు చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టుల సీవీ జాయింట్లు ఎక్కువ వాలులో తిరగాల్సొస్తుంది. జాయింటు అరగడం ఒకటైతే, దాని రబ్బరు బూటు చిరగడం డెల్టాలో ఇంకా పెద్ద సమస్య. చిరిగిన బూటులోకి ఒండ్రు బురద చేరితే అది గ్రీజుతో కలిసి సానపట్టే ముద్దలా జాయింటును తినేస్తుంది. రెండంగుళాలకు మించి లేపాలంటే పై కంట్రోల్ ఆర్ములు మార్చాలి, డిఫరెన్షియల్‌ని కిందికి దించే బ్రాకెట్లు వేయాలి. లేపడానికి డబ్బు పెట్టి, లేపినదాన్ని మళ్లీ దించడానికి ఇంకొంచెం పెట్టడమన్నమాట.

బ్రేకు గొట్టాల పొడుగు ఎవరూ అడగరు. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు గొట్టం బిగుసుకోకూడదు. బండిని జాకీ మీద లేపి, చక్రం కిందికి వేలాడదీసి చూస్తే అయిదు నిమిషాల్లో తేలే పని అది.

షాకప్‌ల దగ్గర ఒక మాట. నైట్రోజన్ నింపిన మోనోట్యూబ్ షాకప్‌లు ఎడారి దారుల్లో గంటల తరబడి కుదుపులకు వేడెక్కి పట్టు వదలకుండా ఉండటం కోసం పుట్టాయి. పుంతలో పది కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఆ వేడి రాదు. మామూలు ట్విన్ ట్యూబ్ చాలు, ధర తక్కువ, బయటి గొట్టానికి సొట్ట పడినా పని నడుస్తుంది. మరలు తిప్పి ఎత్తు సర్దుకునే కాయిలోవర్లను తీరానికి దగ్గరగా ఉండేవాళ్లు వదిలేయడమే మంచిది. ఉప్పునీటి చెరువుల మీద తిరిగే బండికి ఆ మరలు కొన్నాళ్లకే తుప్పుపట్టి బిగుసుకుంటాయి. కావలసిన రోజున తిరగని మర ఉండి ఏం లాభం? పాలీయురేథేన్ బుష్‌లు రబ్బరు కన్నా గట్టివే గానీ గ్రీజు లేకపోతే కీచుమంటాయి. బంకమన్ను ఇరుక్కుని ఎండితే ఇంకా అరుస్తాయి. ఊళ్లోకి రాకముందే బండి వస్తోందని తెలిసిపోతుంది. ఏ కిట్టు వేసినా స్ప్రింగు గిన్నెల్లో, బంప్ స్టాపుల దగ్గర చేరిన మన్నును మంచినీళ్లతో కడగడం తప్పదు. తుప్పు పట్టేది ఆ తడి మన్ను కిందే.

నీళ్లలో ఎత్తు భ్రమ

లిఫ్టు వేస్తే కాజ్‌వేల మీద వరదలో దాటొచ్చన్న ఆశ లంక ఊళ్లతో పనున్నవాళ్లకు సహజం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకు లెక్క 10 లక్షల క్యూసెక్కులు. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ముక్తేశ్వరం దగ్గర ఎదురుబిడియం, చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వేలు వరదలొస్తే మునిగేవే.

థార్ దాటగలదని కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు, ఫోర్స్ గుర్ఖాకి 700. ఇవి నిలవనీటికి చెప్పే అంకెలు. జిమ్నీ బరువు సుమారు 1,200 కిలోలు. బండి అడుగు వైశాల్యం అయిదు చదరపు మీటర్లనుకుంటే, ఆ అడుగు నీటిలో 20 సెంటీమీటర్లు మునగగానే నీరు దాన్ని వెయ్యి కిలోల బలంతో పైకి నెడుతుంది. టైర్ల మీద మిగిలేది 200 కిలోలు. ఆ స్థితిలో పక్కనుంచి ప్రవాహం తోస్తే టైరు ఎంత మంచిదైనా నేలను పట్టుకోలేదు. రెండంగుళాల లిఫ్టు ఈ క్షణాన్ని రెండంగుళాల నీటిమట్టం దాకా వాయిదా వేస్తుంది. వరద రోజున ఏరు ఆ రెండంగుళాలు పెరగడానికి ఎంతసేపు పడుతుందో గట్టు మీద కూర్చున్నవాళ్లను అడగాలి.

చెరువు పక్క నిలవనీటిలో, పల్లపు పుంతల్లో నడవడానికైతే లిఫ్టు కన్నా ముందు చేయాల్సింది హౌసింగ్‌ల బ్రీదర్ గొట్టాలను బానెట్ ఎత్తుకు పెంచడం. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ కిందే ఉంటే నీటిని పీల్చుకుంటుంది. నెల తర్వాత గేరాయిల్ పాలు కలిపిన టీలా బయటికొస్తే కారణం అదే.

చట్టం, బిగింపు, పాత సామాను

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. పెద్ద లిఫ్టు, మడ్‌గార్డు దాటిన టైర్లు రోడ్డు మీద దూరం నుంచే కనిపించే మార్పులు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూసేదీ వాటినే. బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలపని మార్పు క్లెయిము రోజున సొంతదారు మెడకే చుట్టుకుంటుంది. కంపెనీ ఎత్తులోనే మంచి షాకప్‌లు, బరువుకు తగిన స్ప్రింగులు, ఆల్ టెర్రయిన్ టైర్లు వేసుకుని ఆగిపోవడానికి ఇది ఇంకో కారణం. థార్‌కి ఎలాగూ నేల నుంచి 226 మిల్లీమీటర్ల ఎత్తుంది. చెరువు పనికి అదే చాలు. జిమ్నీకైతే పెద్ద టైరు కోసం అంగుళంన్నర నుంచి రెండు దాకా వెళ్లడంలో అర్థముంది. బరువు మోసే కమాన్ బండికి కట్ట సరిచేయించడమే పని. ఎవరికైనా డిక్కీలో ఒక పార, లాగే తాడు ఉండాలి. చక్రం కింద వేయడానికి కొబ్బరి మట్టలు ఎలాగూ ఎక్కడైనా దొరుకుతాయి.

బిగింపులో మెకానిక్కులు తరచూ తొందరపడే చోటొకటుంది. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి గాలిలో ఉండగా బిగించేస్తారు. అలా బిగిస్తే బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి, ఆ మెలితోనే పనిచేస్తూ కొన్ని నెలల్లో చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు. 500 కిలోమీటర్లు తిరిగాక అన్నీ మరోసారి బిగించాలి. ఎలైన్‌మెంటు చేయించాలి. హెడ్‌లైట్లు కిందికి దించాలి. లేచిన బండి లైటు కాలువ గట్టు దారిలో ఎదురొచ్చే మోటారు సైకిలు వాడి కళ్లలో సూటిగా పడితే వాడికి పక్కనే ఉన్న కాలువ కనిపించదు. 235 టైరు వేసినవాళ్లకు స్పీడోమీటరు 60 చూపినప్పుడు నిజం వేగం 63 దాటి ఉంటుందన్నది కూడా గుర్తుండాలి.

తీసిన పాత స్ప్రింగులు, షాకప్‌లు పాతినుము వాడికి వేయకుండా నూనె రాసి గోనెసంచిలో చుట్టి అటక మీద పడేయాలి. బండి అమ్మే రోజున వాటి కోసమే అడుగుతారు.